గసగసాల నూనె, కాలేయంలో తెల్లమచ్చ



బళ్ళారి, కోలారు ప్రాంతాల్లో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో పండగపూట గసగసాల పాయసం కాయడం మామూలే. కన్నడ ఇరుగుపొరుగువాళ్ళు దాన్ని గసగసె పాయస అంటారు. ఒడిశా వైపున్న శ్రోతలకు గసగసాలు నూరి వేసిన కూర తెలియకుండా ఉండదు. పాయసం తాగితే మధ్యాహ్నం కమ్మగా నిద్ర పడుతుందని పెద్దలు నవ్వుతూ అనేవారు. ఆ గింజల నుంచి నూనె కూడా వస్తుంది. ఆ నూనె ఫ్రాన్సులో ఒక మందుల సీసాలోకి చేరి, అక్కడి నుంచి ఎక్స్‌రే గదికి వెళ్ళి, చివరకు జపానులో కాలేయ క్యాన్సర్‌కు మందు మోసుకుపోయే బండిగా మారింది. ఈవేళ మీతో చెప్పదలచుకున్నది ఆ ప్రయాణం గురించే.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పై ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పిన మాస్టర్ని. ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం మా మేనమామ. సిరుగుప్ప దగ్గర వరి పండించే రైతు. కాలేయంలో కంతి ఉందని తేలి, ఒక పెద్ద ఊళ్ళో చికిత్స చేయించుకుని ఇంటికి వచ్చినప్పుడు, చేతిలో స్కానింగ్ ఫిల్ము ఉన్న పెద్ద కవరు ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుని చూస్తే నల్లటి బొమ్మలో ఒకచోట సున్నం ముద్ద పెట్టినట్టు తెల్లమచ్చ. ఆయన నన్ను పిలిచి, "ఏంరా, సైన్సు మాస్టరువి గదా, ఈ తెల్లగుండేది రోగమా, మందా?" అని అడిగారు. నాకు తెలియలేదు. ఆసుపత్రిలో ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే కథ 1901 దాకా వెనక్కి వెళ్ళింది.

ఆ సంవత్సరం పారిస్‌లో మార్సెల్ గెర్బే అనే ఔషధ శాస్త్రజ్ఞుడు గసగసాల నూనెలో అయోడిన్ కలపడంలో సఫలుడయ్యారు. నీళ్ళలో ఉప్పు కలిపినట్టు ఊరికే కలపడం కాదు, నూనె అణువులకే అయోడిన్‌ను అతికించడం. దానికి లిపియోడాల్ అని పేరు పెట్టారు. బరువులో సుమారు 40 శాతం అయోడినే. ఎందుకు చేశారంటే, ఆ రోజుల్లో అయోడిన్‌ను సవాయి రోగం మొదలుకుని గొంతువాపు దాకా ఎన్నో జబ్బులకు ఇచ్చేవారు. దాన్ని లవణ రూపంలో తాగిస్తే కడుపులో వికారం పుట్టేది. నూనెలో అతికిస్తే శరీరం మెల్లమెల్లగా వాడుకుంటుందని ఆయన ఆలోచన. అంటే ఇది పుట్టుకతోనే మందును నెమ్మదిగా అందించే సాధనం అన్నమాట. ఎక్స్‌రే సంగతి అప్పుడు ఎవరి మనసులోనూ లేదు.

ఎక్స్‌రే మాత్రం అప్పటికే వచ్చింది. 1895 నవంబరులో జర్మనీలో రంట్‌జెన్ ఆ కిరణాలను కనుగొన్నారు. ఎముక కనపడింది, ఒంట్లో దిగిన తుపాకీ గుండు కనపడింది. కానీ మెత్తని అవయవాలు? కాలేయం, రక్తనాళం, వెన్నుపాము చుట్టూ ఉండే నీటి సంచీ, ఇవన్నీ ఎక్స్‌రేకు దాదాపు ఒకేలా ఉంటాయి. పొగమంచులో తెల్ల ఆవులను వెతికినట్టు. వాటిని చూడాలంటే లోపల కిరణాలను అడ్డుకునే బరువైన పరమాణువు ఏదైనా పెట్టాలి. అయోడిన్ సరిగ్గా అలాంటిది.

ఈ రెండు దారులూ 1921 ప్రాంతంలో పారిస్‌లోని నెకెర్ ఆసుపత్రిలో కలిశాయి. జాన్ సికార్, ఆయన శిష్యుడు జాక్ ఫోరెస్టియే నడుంనొప్పి, తుంటినొప్పి రోగులకు వెన్నెముక దగ్గర లిపియోడాల్ సూది వేసేవారు. ఒకసారి సూది కాస్త లోతుగా దిగి నూనె వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి వెళ్ళిందని చెప్పుకుంటారు. రోగికి ఏమీ కాలేదు. ఎక్స్‌రే తెర మీద చూస్తే నూనె బొట్టు కిందికి జారుతూ కనిపించిందట. ఈ కథలో ఎంత పాలు కల్పనో గానీ, ఫలితం మాత్రం చరిత్రే. వెన్నుపాము దగ్గర కంతి ఉంటే నూనె బొట్టు అక్కడ ఆగిపోతుంది, కంతి ఎక్కడుందో తెలిసిపోతుంది. మరుసటి సంవత్సరమే ఊపిరితిత్తుల శ్వాసనాళాల్లోకి నూనె వదిలి ఫోటోలు తీశారు. చెట్టు కొమ్మల్లాగా నాళాలన్నీ విచ్చుకుని కనపడ్డాయి. సి.టి. స్కాన్ వచ్చేదాకా అదే పద్ధతి ఎన్నో దేశాల్లో నడిచింది. ఈ ఫోరెస్టియేనే తరువాత కీళ్ళవాతానికి బంగారు లవణాల చికిత్స ప్రవేశపెట్టారు.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. 1930 ప్రాంతంలో థోరోట్రాస్ట్ అనే ఇంకొక ఎక్స్‌రే మందు వచ్చింది. థోరియం ఆక్సైడ్‌తో చేసింది. బొమ్మలు అద్భుతంగా వచ్చేవి, ఎక్కించినప్పుడు రోగికి ఏ బాధా ఉండేది కాదు. 1950ల దాకా వేలమందికి ఎక్కించారు. కానీ థోరియం రేడియోధార్మిక పదార్థం. అది శరీరం విడిచి పోదు, కాలేయంలోను ప్లీహంలోను నిలిచిపోయి జీవితాంతం కిరణాలు చిమ్ముతూనే ఉంటుంది. ఇరవై, ముప్పై ఏళ్ళ తరువాత ఆ రోగుల్లో కాలేయ క్యాన్సర్లు బయటపడ్డాయి. చూడటానికి వాడిన మందే రోగమైంది. గసగసాల నూనెకు ఆ గతి పట్టకపోవడానికి కారణం ఎవరి ముందుచూపూ కాదు. అయోడిన్ స్వభావం మంచిది, అంతే.

అయోడిన్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం మన దేశానికి వద్దాం. హిమాలయ పాదాల్లో కాంగ్రా లోయ అని ఉంది. అక్కడ గొంతువాపు ఇంటింటి జబ్బు. 1956లో మొదలుపెట్టి ఉప్పులో అయోడిన్ కలిపి పంచి, అది తగ్గుతుందని ఏళ్ళ తరబడి లెక్కలతో చూపించిన వైద్య పరిశోధకుల్లో ముఖ్యులు వులిమిరి రామలింగస్వామి గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్నవారు. తరువాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరు అయ్యారు. ఈవేళ మనం అంగడిలో కొనే అయోడిన్ ఉప్పు వెనక ఆ కాంగ్రా లెక్కలున్నాయి. ఉప్పు చేరని మారుమూల కొండల్లో ఈ నూనే పనికొచ్చింది. పాపువా న్యూగినీ దీవిలో 1966లో మొదలైన పరీక్షలో, గర్భం రాకముందే తల్లికి ఒక్క సూది అయోడిన్ నూనె వేస్తే పుట్టే బిడ్డకు అయోడిన్ కొరతవల్ల వచ్చే మందబుద్ధి, చెవుడు రాకుండా ఆపవచ్చని తేలింది. ఒక సూది కొన్నేళ్ళపాటు పనిచేసేది. గెర్బే కోరుకున్న నెమ్మదితనం అక్కడ ఫలించింది.

ఇక కాలేయం దగ్గరికి వెళ్దాం. అక్కడికి మందు చేర్చాలంటే ముందు దారి కావాలి. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ళ డాక్టరు తన చేతి నరంలోంచి సన్నని గొట్టాన్ని తన గుండె దాకా తానే తోసుకుని, అలాగే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి ఫోటో తీయించుకున్నారు. పై వైద్యులు మెచ్చుకోలేదు. 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. 1953లో స్వీడన్‌కు చెందిన స్వెన్ సెల్డింగర్ ఈ పనిని సులువు చేశారు. తొడ దగ్గర ధమనిలోకి సూది గుచ్చడం, సూదిలోంచి సన్నని తీగ పంపడం, సూది తీసేసి తీగ మీదుగా గొట్టం జారవిడవడం. కోత లేదు, కుట్టు లేదు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఆ గొట్టాన్ని కావలసిన అవయవం దాకా నడిపించవచ్చు. మా మామకు చేసిందీ ఈ పద్ధతిలోనే. తొడ దగ్గర చిన్న గాటు తప్ప ఒంటి మీద మరో గుర్తు లేదని ఇంటికొచ్చి ఆశ్చర్యపోయారు.

కాలేయానికి ఒక ప్రత్యేకత ఉంది. రైతులకు సులువుగా అర్థమవుతుంది. ఒకే మడికి రెండు కాలువల నీళ్ళు. పేగుల నుంచి వచ్చే పెద్ద సిర ముప్పాతిక వంతు రక్తం తెస్తుంది, గుండె నుంచి వచ్చే ధమని పావు వంతు తెస్తుంది. కాలేయంలో పుట్టే క్యాన్సర్ కంతి మాత్రం దాదాపు పూర్తిగా ధమని మీదే బతుకుతుంది. ఈ సంగతి 1950లలోనే తేలింది. అంటే ధమనిలో మందు వదిలితే అది ఎక్కువగా కంతికే పోతుంది. ధమనిని మూసినా మిగతా కాలేయం సిర నీళ్ళతో బతికిపోతుంది. ఒసాకాలో ర్యూసాకు యమదా బృందం 1970ల చివర్లో ఈ కిటుకునే పట్టుకుని, మందుతో పాటు జిలటిన్ స్పాంజి ముక్కలు పంపి ధమనిని మూసేసే చికిత్స మొదలుపెట్టింది. 1983లో 120 మంది రోగుల ఫలితాలు ప్రకటించింది.

అదే కాలంలో జపాను దక్షిణ దీవి క్యూషూలో, కుమమొతో నగరంలో హిరోషి మయేదా అనే సూక్ష్మజీవ శాస్త్ర ఆచార్యుడు వేరే దారిలో నడుస్తున్నారు. 1938లో పుట్టారు. జపానులోను అమెరికాలోను చదివారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ స్థాపించిన క్యాన్సర్ పరిశోధన సంస్థలో కొంతకాలం పనిచేశారు. ఆ ఫార్బరే 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా మందుతో అదుపు చేయవచ్చని మొదట చూపించింది. ఆ మందు అమినోప్టెరిన్. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలల్లో తయారైంది. ఎక్కడి భీమవరం, ఎక్కడి బోస్టన్, ఎక్కడి కుమమొతో!

మయేదా ఎదుట ఉన్న చిక్కు సుబ్బారావు గారి కాలం నాటిదే. క్యాన్సర్ మందు రక్తంలో పడితే ఒళ్ళంతా తిరుగుతుంది. కంతిని కొట్టినట్టే ఎముక మజ్జనూ కొడుతుంది, పేగులనూ కొడుతుంది, జుట్టు రాలిపోతుంది. కంతికి చేరేది కొంచెం, ఒంటికి తగిలేది ఎక్కువ. 1965లో జపానులోనే ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన నియోకార్జినోస్టాటిన్ అనే మాంసకృత్తు చాలా బలమైన క్యాన్సర్ మందు. కానీ అది చిన్న అణువు, నిమిషాల్లో మూత్రపిండాల గుండా జారిపోయేది. మయేదా దానికి స్టైరీన్, మలేయిక్ ఆమ్లంతో చేసిన పాలిమర్ గొలుసులు రెండు తగిలించారు. ఒక రకంగా ప్లాస్టిక్ తోకలన్నమాట. 1970ల చివరికి ఆ పని పూర్తయింది. దానికి స్మాంక్స్ అని పేరు. ఆ తోకలతో అది రక్తంలోని అల్బుమిన్‌కు అతుక్కుని ఎక్కువ సేపు తిరగసాగింది.

అప్పుడు వారికి ఒక విచిత్రం కనిపించింది. ఇలాంటి పెద్ద అణువులు కంతిలో పోగుపడుతున్నాయి. దాన్ని పరీక్షించడానికి యసుహిరో మత్సుమురాతో కలిసి, కంతులున్న ఎలుకలకు అల్బుమిన్‌కు అంటుకునే నీలి రంగు ఎక్కించారు. కంతి నీలంగా మారింది, చుట్టుపక్కల కండ అంతగా మారలేదు. కారణం ఏమిటంటే, కంతి తొందర తొందరగా కట్టుకున్న రక్తనాళాలకు గోడలు సరిగా ఉండవు. గండ్లు పడ్డ కాలువ లాగా కారుతుంటాయి. మామూలు కండలో అయితే అలా కారినదాన్ని శోషరస నాళాలు తోడేస్తాయి. కంతిలో ఆ నాళాలు సరిగా పనిచేయవు. గండి నుంచి నీళ్ళు వస్తున్నాయి, మురుగు కాలువ లేదు. మడి నిండక ఏమవుతుంది? 1986లో ప్రకటించిన ఈ పరిశీలన మీద తరువాత వేల పరిశోధన పత్రాలు వచ్చాయి. నానో మందులు అని ఈనాడు మనం వింటున్న వాటిలో చాలావరకు దీన్నే పునాదిగా చేసుకున్నాయి. మయేదా, మత్సుమురాల పేర్లు 2016లో నోబెల్ రావచ్చని ఊహించేవారి జాబితాలో కూడా చేరాయి. రాలేదు. మయేదా 2021లో కన్నుమూశారు.

ఇప్పుడు మన నూనె మళ్ళీ రంగంలోకి వస్తుంది. మాంసకృత్తు నీటిలో కరుగుతుంది, నూనెలో కలవదు. కానీ మయేదా తగిలించిన తోకలు నూనెకు దగ్గరివి. వాటి పుణ్యాన స్మాంక్స్ లిపియోడాల్‌లో కలిసింది! కుమమొతోలోనే శస్త్రవైద్యుడు తోషిమిత్సు కొన్నో ఆ మిశ్రమాన్ని గొట్టం ద్వారా కాలేయ ధమనిలో వదిలారు. 1983లో తొలి ఫలితాలు వచ్చాయి. నూనె బొట్లు కంతి నాళాల్లో చిక్కుకుని నిలిచిపోయాయి. మిగతా కాలేయంలో పడ్డ నూనె కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో శుభ్రమైపోయింది. కంతిలో మాత్రం నెలల తరబడి ఉండి, తనలోని మందును కొంచెం కొంచెంగా వదిలింది. చాలామందిలో కంతి చిన్నదైంది.

ఇందులో నాకు అన్నిటికంటే ఆకర్షణీయంగా తోచిన అంశం ఒకటుంది. అది కనపడటం. మాత్ర మింగితే ఎక్కడికి పోయిందో ఎవరూ చూడలేరు, సూది వేసినా అంతే. ఇక్కడ బండి అయోడిన్‌తో చేసింది కాబట్టి స్కాన్ తీస్తే మందు ఎక్కడ దిగిందో తెల్లగా కనపడుతుంది. ఎక్కడ నిండింది, ఎక్కడ ఖాళీ మిగిలింది, మళ్ళీ ఎప్పుడు ఇవ్వాలి అన్నది డాక్టరు బొమ్మ చూసి నిర్ణయించుకోవచ్చు. అంతకు ముందు స్కానుల్లో కనపడని చిన్న కంతులు కూడా నూనె పట్టుకోవడం వల్ల బయటపడ్డ సందర్భాలున్నాయి.

స్మాంక్స్‌కు జపాను ప్రభుత్వం 1993లో ఆమోదం ఇచ్చింది. ఇంతటితో కథ సుఖాంతమైతే బాగుండేది. కానీ ఆ మందు జపాను దాటి పెద్దగా వ్యాపించలేదు. నూనె మాత్రం వ్యాపించింది. ఇతర దేశాల వైద్యులు తమ దగ్గరున్న డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ మందులను లిపియోడాల్‌తో చిలికి, యమదా పద్ధతిలో ధమని మూసే ముక్కలు కూడా చేర్చి వాడసాగారు. నీటిలో కరిగే ఆ మందులు నూనెతో నిజంగా కలవవు, మజ్జిగ చిలికినట్టు చిలికి వెంటనే ఎక్కించాలి. మయేదా రసాయనంలోని సొగసు పోయింది, సులువు మిగిలింది. ఆసుపత్రి అవసరాలు తరచు ఇలాగే ఉంటాయి, తప్పు పట్టలేం.

2002లో రెండు పరీక్షలు ఈ చికిత్సకు బలం ఇచ్చాయి. ఒకటి హాంకాంగ్‌లో, ఒకటి బార్సిలోనాలో. బార్సిలోనా పరీక్షలో రెండేళ్ళకు చికిత్స పొందినవారిలో 63 శాతం మంది, పొందనివారిలో 27 శాతం మంది బతికి ఉన్నారు. అయితే వీరు కాలేయం ఇంకా బాగా పనిచేస్తున్న, ఏరికోరి తీసుకున్న రోగులు. కామెర్లు ముదిరి, కడుపులో నీరు చేరినవారికి ఇది వర్తించదు, హాని కూడా కావచ్చు. 2011లో ఇలాంటి పరీక్షలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష ఆయుష్షు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని కూడా చెప్పింది. వైద్యులు మాత్రం తగిన రోగులకు ఈ చికిత్స చేస్తూనే ఉన్నారు. రోగం కుదిర్చే మందు కాదు, గడువు పెంచే మందు అని అర్థం చేసుకోవాలి. చికిత్స తరువాత కొద్ది రోజులు జ్వరం, కడుపునొప్పి రావడం కూడా మామూలే.

మయేదా సూత్రం మీదా ప్రశ్నలు వచ్చాయి. 2016లో కెనడా పరిశోధకులు పదేళ్ళ పత్రాలన్నీ వెతికి, ఎక్కించిన నానో మందులో కంతికి చేరేది సగటున నూటికి ఒక పాలు కూడా లేదని లెక్క తేల్చారు. ఎలుక కంతికీ మనిషి కంతికీ తేడా ఉంది, ఒక మనిషి కంతికీ ఇంకో మనిషి కంతికీ తేడా ఉంది. మయేదా దానికి జవాబుగా, రక్తపోటు పెంచో, నాళాలు వెడల్పు చేసో చేరికను పెంచవచ్చని చివరిదాకా రాస్తూ వచ్చారు. నాకు తోచినంతవరకు, నరంలో ఎక్కించి కంతి దానంతట అది లాక్కుంటుందని ఎదురుచూడటం కన్నా, గొట్టంతో నేరుగా మడి గట్టు దాకా తీసుకుపోయిన కుమమొతో పనే గట్టిగా నిలిచింది.

ఈ కాలేయ క్యాన్సర్ ఎందుకు వస్తుందన్నది వేరే ప్రసంగం. అయినా ఒక్కమాట. హెపటైటిస్ బి, సి వైరసులు, సారాయి, ఈమధ్య కాలేయంలో కొవ్వు, ఇవే పెద్ద కారణాలు. వీటిలో హెపటైటిస్ బికి టీకా ఉంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశంలోనే తయారైన ఆ టీకాను తక్కువ ధరకు తెచ్చింది. ఇప్పుడు పసిపిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా వేయిస్తోంది. మా మామ తరానికి అది అందలేదు.

ఆయన ప్రశ్నకు జవాబు నాకు దొరికేసరికి రెండు నెలలు పట్టింది. ఆదివారం సిరుగుప్ప వెళ్ళి చెప్పాను. "మందే మామా. రోగమున్న చోట కూచున్న మందు. గసగసాల నూనెలో పెట్టి పంపించినారు."

ఆయన మళ్ళీ ఫిల్ము తీసి కిటికీకి పట్టుకుని చాలాసేపు చూశారు. "మరి ఈ పక్కన నల్లగా కొంచెం మిగిలింది గదా, అక్కడికి పోలేదా?" అన్నారు. అది నేను చూడనేలేదు. తరువాతి నెల డాక్టరును అదే అడిగారు. అవును, అక్కడ మందు నిండలేదు, ఇంకొకసారి ఇవ్వాలి అన్నారట. ఇచ్చారు. ఆ తరువాత మామ రెండు కార్లు వరి కోత చూశారు. రెండో ఫిల్ములో ఆ నల్లచోటు కూడా తెల్లబడింది.